తొంభై నిమిషాల కొండ

బేగంపేటల పదమూడో అంతస్తు మీద
తిరిగే హోటలుకు గ్రీజు పెట్టేటోన్ని నేను.
మెనూ కార్డు మీద నా పేరుండదు.
నేల కింద, నడుం వంచితే తప్ప పట్టని సందుల
రెండు మోటార్లు, ఇరవై నాలుగు చక్రాలు, నేను.
పైన సూపు తాగేటోళ్ల గిన్నెల
ఒక్క అల కూడ లేవొద్దు.
గంతే నా నౌకరి.

సేఠు ఒక్కసారి స్విట్జర్లాండు పోయొచ్చిండు.
ఆడ మంచుకొండ కొసన
ఇట్లనే తిరిగే హోటలున్నదట,
కాఫీ తాగుతుంటే ఒక్కో శిఖరం
కిటికీ కాడికొచ్చి పలకరించి పోతదట.
మూడు దినాలు అదే ముచ్చట.
నాలుగో దినం పెయింటర్ను పిలిపిచ్చి
నడిమి గోడ నిండ ఆల్ప్స్ కొండలు ఏపిచ్చిండు.
తెల్లరంగు తక్కువపడి
ఒక శిఖరానికి సున్నమే పూసిండ్రు.

ఆ గోడ తిరగదు. వంటిల్లు తిరగదు.
కిటికీ గట్టు తిరగదు.
తిరిగేది మనుషులు కూసున్న నేల ఒక్కటే,
గానుగెద్దు కన్న నిదానంగ,
తొంభై నిమిషాలకు ఒక్క సుట్టు.

జహంగీర్ భాయ్ కబాబుల పళ్లెంతోని బయటికొస్తడు,
ఏడో నంబరు టేబులు ఉన్న జాగల ఉండదు.
"యా అల్లా, మళ్ల నడిచిందిరా" అంటడు.
పదకొండేండ్ల సంది రోజూ అదే మాట,
రోజూ కొత్తగనే.

ఒకామె చేతిసంచి గట్టు మీద పెట్టి
సెల్ఫీలల్ల పడ్డది.
హుస్సేన్ సాగర్ కాడ పెట్టిన సంచి
గోలకొండ వచ్చేసరికి లేదు.
దొంగలని ఒకటే లొల్లి.
నేనే పోయి తెచ్చిచ్చిన:
"అది ఎక్కడికీ పోలేదమ్మా.
మీరే పోయిండ్రు."

మా నాయన ఆలకుంట తిమ్మయ్య.
రాయదుర్గం గుట్టలల్ల
నలభై ఏండ్లు సమ్మెట కొట్టినోడు.
ఒకనాడు హోటలు మూసినంక
సామాన్ల లిఫ్టుల పైకి తీసుకొచ్చిన.
చెప్పులు లిఫ్టు కాడనే ఇడిసిండు.
గోడ మీది మంచుకొండను గోటితోని గీకి
"సున్నం" అన్నడు.

కిటికీ పక్క కూసోవెట్టి మోటరు ఆన్ చేసిన.
బీడీకట్ట గట్టు మీద పెట్టిండు.
చెరువు మెల్లగ జరిగింది.
బంజారాహిల్స్ లైట్లొచ్చినయి.
"హిల్సంటె ఏందిరా?"
"గుట్టలు నాయనా."
"ఏవీ?"

పడమటి దిక్కు రాంగనే లేచి నిలబడ్డడు.
అద్దాల బిల్డింగుల నడుమ వేలు పెట్టి
లెక్కపెట్టుడు సురువు చేసిండు.
ఆడ తాబేలు గుండు.
ఆడ అత్తాకోడండ్ల గుండ్లు,
ఇయ్యాల పడ్తయా రేపు పడ్తయా అన్నట్టుండి
తాతల కాలం సంది పడనియి.
ఆడ, మీ అమ్మ గంజి తెస్తె
తాగనీకి కూసునే నీడ.
వేలు పెట్టిన కాడల్ల లైట్లే.
"తొలిచి, మందు నింపి, నేనే పేల్చిన" అన్నడు.
ఏడుపు లేదు, గర్వం లేదు,
కూలి లెక్క చెప్పినట్టు చెప్పిండు.

మళ్ల కూసుని, మడిమెతోని నేలను తట్టిండు,
కార్పెట్టు కింద, ఇనుము కింద
స్లాబు ఏమన్న జవాబిస్తదేమోనని.
"ఇండ్ల ఎక్కడి కంకర పోసిండ్రు?"
నాకు తెల్వదన్న.
"మాదే అయ్యుంటది.
గుట్టే ఇది కూడ.
పండుకున్నదాన్ని లేపి నిలవెట్టిండ్రు."

పాత ఏర్పోర్టు చీకటి మీద
జర కునుకు తీసిండు.
ఒంటిగంట దాటినంక
బీడీకట్ట మా ముందుకొచ్చింది.
కాదు, మేమే వచ్చినం.
నాయన నవ్వి, ఒకటి తీసి నోట్ల పెట్టుకున్నడు.
ఈడ కాల్చొద్దంటె ముట్టియ్యలే.
"ఇంకో సుట్టు తిప్పురా" అన్నడు,
పడమటి దిక్కుకు మొఖం పెట్టి,
"ఈసారి జర నిదానం."

మోటరుకు ఒక్కటే స్పీడని
నేను చెప్పలే.